బెల్లం రంగు

మదనపల్లె ఆసుపత్రిలో నా పక్క మంచం ఆమెది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు, పిల్లల కోసం ఎన్నో సూదులు వేయించుకున్నాక నిలిచిన గర్భం. ఏడో వారంలోనే రక్తం కనబడింది. బెల్లంలా ముదురు రంగయితే ఫరవాలేదు, ఎర్రగా ఉంటే వెంటనే చెప్పమంది డాక్టరమ్మ.

ఆమె చూసుకునేది కాదు. బాత్రూమ్ నుంచి ముఖం తిప్పుకుని వచ్చి, ప్యాడ్ నా ముందు పట్టేది.

"నువ్వు సూడక్కా. నా కండ్లకు అంతా ఎర్రగానే కనబడతాండాది. బెల్లం రంగేనా?"

"బెల్లం రంగేమ్మా."

అది విన్నాకే పడుకునేది.

మూడో రోజు ఆ రంగు చూస్తే నాకూ అనుమానం వచ్చింది. ఆమెకు అదే మాట చెప్పి, నర్సుకు ఉన్నమాట చెప్పాను.

నాలుగో రోజు పొద్దున బాత్రూమ్‌లోంచి ఎంతకీ రాలేదు. వచ్చాక ప్యాడ్ కోసం నేనే చెయ్యి చాచాను. ఆమె ఏమీ ఇవ్వలేదు.

"నేనే సూసినానక్కా" అంది.