ఆ పొగ ఎవరిదని అడిగితే

మొన్న ఉదయం ఇక్కడ మేముంటున్న క్యారీ ఊళ్లో వాకింగ్‌కి బయల్దేరబోతుంటే, ఎక్కడో అడవి తగలబడి కట్టె పొగంతా ఇటే వస్తోందట, బయటికెళ్లకు నాన్నా అని మా అమ్మాయి ఫోన్ చూసి చెప్పింది. కట్టె పొగ అన్న మాట చెవిన పడితే చాలు, నాకిప్పటికీ ముద్ద దిగదు. మీరంతా నా ఈడువాళ్లే, మీ దగ్గర దాపరికమెందుకు?

రెండువేల అయిదు ప్రాంతంలో న్యూజెర్సీలో ఓ ల్యాబ్‌లో చేసేవాణ్ని. ఊరి గాలిలోని మసి ఎక్కడెక్కణ్నుంచి వచ్చిందో రసాయన పరీక్షలతో తేల్చడం మా పని. చిన్న అప్పడమంత తెల్లటి ఫిల్టర్ పెట్టిన పంపును ఒకరి పెరట్లో బిగించి, వారానికోసారి వెళ్లి నల్లబడిన ఫిల్టర్‌ని తెచ్చుకునేవాణ్ని. కట్టె కాలితే అందులో ఒక రకం చక్కెర పదార్థం దొరుకుతుంది, బాయిలర్లలో వాడే చిక్కటి నూనె కాలితే నికెలూ వెనేడియమూ దొరుకుతాయి. పక్కింట్లో ఏం మాడిందో మనింట్లో కూర్చుని చెప్పేసినట్టే, ఏ పొగ ఎవరిదో చెప్పేసేవాళ్లం.

ఆ పెరటి ఇంటావిడ డెబ్బై దాటిన తెల్లావిడ, భర్తకు విపరీతమైన ఆయాసం. వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చి, మా ఆయన ప్రాణం తోడేస్తున్నది ఎవరి పొగో కాస్త చెప్పు బాబూ అని అడిగేది.

ఎవరిదో నాకు మూడో నెలకే తెలిసింది. రెండు వీధుల అవతలున్న ఫ్యాక్టరీ బాయిలర్‌ది. మా పరీక్షల ఖర్చు భరించేదీ ఆ ఫ్యాక్టరీయే. నోరు విప్పావో, నీ గ్రీన్‌కార్డ్ కాగితాల మీద నా సంతకం ఉండదని మా బాస్ నవ్వుతూనే చెప్పాడు. అప్పటికి మా ఆవిడ నెల తప్పింది, నా వీసా గడువు దగ్గరపడుతోంది.

తెలియదని ఊరుకున్నా పోయేది. పెద్ద సైంటిస్టునాయె, తెలియదంటే నామోషీ! ఆవిడ మళ్లీ అడిగినప్పుడు, కట్టె పొగ కూడా ఉందండీ అన్నాను. అబద్ధం కాదు, ఆవగింజంత ఉంది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ ఇంటిని వెచ్చగా ఉంచేది కట్టెల పొయ్యి ఒక్కటే, నలభై ఏళ్లుగా దాన్ని రోజూ ముట్టించింది ఆవిడే.

మరుసటి వారం వెళ్తే పొయ్యి చల్లగా ఉంది. జనవరి మంచులో మొగుడూ పెళ్లాం కోట్లు తొడుక్కుని, మధ్యలో చిన్న కరెంటు హీటర్ పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడైనా చెప్పేయాల్సింది. ఫిల్టర్ మార్చుకుని, కాఫీ తాగి మరీ వచ్చాను. థూ, అదీ ఒక బతుకేనా!

ఫిబ్రవరి ఆఖర్లో ఆయన పోయాడు. పలకరించడానికి వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పబట్టి తెలిసింది బాబూ, ఇన్నేళ్లూ నా చేతులతో నేనే ఆయన గుండెల్లోకి పొగ పోశాను అని ఏడ్చి, పైగా నాకు థాంక్స్ చెప్పింది. పొయ్యి ఆరాక కూడా నికెల్ ఇసుమంతైనా తగ్గలేదని చూపే కాగితాలు నా బ్యాగులోనే ఉన్నాయి. బ్యాగు తెరవకుండానే వచ్చేశాను.

గ్రీన్‌కార్డ్ వచ్చింది. రిపోర్ట్‌లో ఆ పొగకు "మిశ్రమ మూలాలు" అని పేరు పెట్టింది నేనే. కొన్నేళ్లకు ఫ్యాక్టరీ గ్యాస్‌కి మారింది, ఊరి గాలి తేటపడింది, ఇప్పుడక్కడ ఫిల్టర్లు తెల్లగానే వస్తున్నాయట. అంత మసి పీల్చి బతికారంటే ఈ కాలం పిల్లలు నమ్మరు కూడా. నేను ఆ ఊరు వదిలేస్తూ, ఒక చలికాలం సాయంత్రం చివరిసారి ఆ ఇంటికి వెళ్లాను. పొయ్యి అప్పటికీ ముట్టించలేదు. ఆవిడ లోపలికెళ్లి దుప్పటి తెచ్చి నాకు కప్పి, తను వణుకుతూ పక్కన కూర్చుంది.