క్యాను నీళ్ళతో చెప్పిన పాఠం

2023 ఎండాకాలం. మార్కాపురంలో నాది మోటారు వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుడతాం. నేను చదివింది ఏడో తరగతి. అయినా ఆదివారాలు దుకాణం వెనక రేకుల షెడ్డులో పదిమంది పిల్లలకు సాల్డరింగ్, అంటే లోహం కరిగించి తీగలు అతికించడం, నేర్పుతున్నాను. కంప్యూటరు ప్రోగ్రాం రాయడం మాత్రం ఫోన్లో వీడియోలు చూసి వాళ్ళతో పాటే నేర్చుకున్నాను.

వెలిగండ్ల వైపు నుంచి బస్సెక్కి వచ్చే శిరీష ఇంటర్ చదువుతోంది. వాళ్ళ నాయన పుల్లయ్యకు రెండెకరాల బత్తాయి తోట, ఒకే బోరు. నీళ్ళు అయిపోయినా మోటారు తిరుగుతుంటే డ్రై రన్ అంటాం, వేడెక్కి కాలిపోతుంది. ఆయనకు అట్లా రెండుసార్లు కాలింది.

“ఇంకోసారి కాలితే తోట మీద ఆశ వదులుకోవాల్సిందే బావా,” అన్నాడు నాతో.

శిరీష ఒక ఉపాయం చేసింది. నీళ్ళు పోసే పైపులో రెండు తీగలు పెట్టింది. వాటి మధ్య నీళ్ళుంటే కరెంటు పారుతుంది, చిన్న బోర్డు దాన్ని అంకెగా చూపిస్తుంది. అంకె హద్దు కంటే తగ్గితే మోటారు ఆపమని ప్రోగ్రాం రాసింది. షెడ్డులో తాగే క్యాను నీళ్ళు బకెట్లో పోసి, తీగలు ముంచి, ఆ హద్దు దగ్గరుండి పెట్టించింది నేనే.

తోటకు పోయి బిగించాం. ముప్పావు గంటకు ధార సన్నబడి ఆగిపోయింది. మోటారు ఆగలేదు.

“ఏందమ్మా, ఆగదేంది?”

“ఆగుతాది నాయనా... ఉండు...”

“ఉంటే బూడిదైపోతాది!” పుల్లయ్య స్టార్టర్ దగ్గరికి ఉరికి ఎర్ర బటన్ నొక్కాడు. “మీ ఆటలకు నా మోటారే దొరికిందా?”

శిరీష ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి అంకె చూసింది. పైపు ఖాళీ, అంకె మాత్రం క్యాను నీళ్ళకు వచ్చినదానికంటే ఎక్కువ!

“మామా, మనం తాగే నీళ్ళతో కదా హద్దు పెట్టినాము? మా బోరు నీళ్ళు ఉప్పన. తీగలకు అంటిన తడికే కరెంటు పారతా ఉంది!”

ఫిల్టరు పట్టిన నీళ్ళలో ఉప్పులు తక్కువ, కరెంటు సరిగా పారదు. ముప్పై ఏళ్ళుగా మోటార్లకు ఉప్పునీళ్ళతో పట్టిన తెల్లటి పొలుసు గీకుతున్నవాడికి ఇది తట్టొద్దా?

“తప్పు పిల్లది కాదు పుల్లయ్యా. నాది,” అన్నాను.

“ఎవరిదైతేనేం బావా, ముందు దాన్ని బాగు చెయ్యండి!”

బోరు ఊరేదాకా బత్తాయి చెట్ల నీడన కూర్చున్నాం. ఆలోపు శిరీష ఇందాక పారిన బోరు నీళ్ళలో తీగలు ముంచితే ఎంతో, తీసి తడిగా పట్టుకుంటే ఎంతో రాసుకుని, హద్దు ఆ రెంటి మధ్యకు మార్చింది. మళ్ళీ మోటారు వేశాం. ధార ఆగింది. పుల్లయ్య వేలు బటన్ మీదే ఉంది. మూడు లెక్కపెట్టేలోపు టక్కుమంది. స్టార్టర్ హోరు ఆగిపోయింది.

“ఇంక చెయ్యి తియ్యి నాయనా,” అని నవ్వింది శిరీష.

“ఉండమ్మా, నా గుండె గూడా నిమ్మళం కానీ.”

ఆ మోటారు ఇంతవరకు నా దుకాణం గడప తొక్కలేదు. వస్తువు ఎక్కడ పనిచేయాలో పరీక్ష కూడా అక్కడి నీళ్ళతోనే చేయాలని నాకు నేర్పింది ఆ పిల్లే. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళను వాళ్ళ ఊరి బోరు నీళ్ళు ఒక సీసా తెమ్మంటున్నాను. దొనకొండ, హనుమంతునిపాడు అని పేర్లు రాసి అరలో వరసగా పెట్టాను. అవి తాగేవి కాదని వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మా ఇంటామెకు ఒక పనైపోయింది.