పుట్టింటికి వెళ్ళిన ఆవిడ మీద దావా

ఆ వీధిలో మిషనాయన భార్యను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె గురించి తెలియనివాళ్ళూ లేరు. కాజాలు కుట్టడంలో ఆవిడకి ఎంత ఓపికో, ఎవరైనా ఒక మాట తూలితే ఎలా బదులిస్తుందో, తల్లికి జబ్బు చేస్తే పుట్టింటికి ఎంత హడావిడిగా వెళ్ళిందో, ఆ తల్లి ఒక పట్టాన ఎందుకు కోలుకోవడం లేదో ఎవర్నడిగినా చెప్పగలరు. కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ అయితే ఆవిడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది కూడా.

ఆవిడ రాదు. పాత ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద, భర్త చేతిలో చెయ్యి ఉండగానే కన్నుమూసింది. ఆ సంగతి ఈ వీధిలో మిషనాయన ఒక్కడికే తెలుసు.

మిషనాయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. భుజానికి సంచి తగిలించుకుని దర్జీల కొట్లూ, కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళ ఇళ్ళూ తిరుగుతాడు. షటిల్ దగ్గర ఇరుక్కున్న దారం ముక్కని లాగేసి, గుడ్డని ముందుకు జరిపే పళ్ళ కింద పేరుకున్న నూగుని బ్రష్షుతో దులిపి, రెండు చుక్కల నూనె వేసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చెవి ఒగ్గి వింటాడు. మనిషి నెమ్మదస్తుడు, లెక్క మనిషి, పైసా ఎక్కువ అడగడు. అలాంటివాడు ఇంత పెద్ద అబద్ధం మోస్తున్నాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

నిజానికి అబద్ధమాడాలని అనుకోలేదు. పాత వీధిలో ఎవరు ఎదురుపడినా ముఖం వేలాడేసుకుని ‘అయ్యో పాపం’ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ ఇంకోసారి పోయినట్టుండేది. అది పడలేక ఊరి ఆ చివర్నుంచి ఈ చివరికి ఇల్లు మారాడు. సామాను దించుతుంటే ఇల్లుగలావిడ వచ్చి నిలబడింది. ఆడవాళ్ళ చెప్పులు, ఆడవాళ్ళ బట్టల మూటలు, తొక్కుడు మిషను చూసింది.

“మీ ఆవిడ ఏదీ బాబూ?”

చెబుదామనే నోరు తెరిచాడు. “పుట్టింటికి వెళ్ళింది పిన్నిగారూ. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదు” అని వచ్చింది.

“అలాగా. వచ్చాక నాకు చూపించు” అందావిడ. అంతే. ఆ పూట, చాలా కాలం తర్వాత, మిషనాయనకి ఆకలేసింది.

అక్కడ్నుంచి అబద్ధం దాని దారిన అది పెరిగింది. ఎప్పుడో కాలం చేసిన అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆయాసం, కంటి ఆపరేషను ఒకదాని వెనక ఒకటి అంటగట్టాడు. పాపం, ఆవిడ బతికుండగా జలుబు కూడా ఎరగదు. ‘నిన్న ఫోను చేసింది, మిమ్మల్ని అడిగానని చెప్పమంది’ అనేవాడు. చెప్పి చెప్పి, చివరికి తనకే అలవాటైంది. పని నుంచి వస్తూ మేడ మీద కిటికీలో దీపం వెలుగుతోందా అని తలెత్తి చూసేవాడు. చీకటిగా ఉంటే ‘ఇంకా రాలేదన్నమాట’ అనుకునేవాడు. తుప్పు పట్టకూడదని ఆవిడ మిషను సాయంత్రాలు కాసేపు తొక్కుతుంటే కింద నుంచి ఇల్లుగలావిడ కేక వేసేది, “వచ్చిందా?” అని. తొక్కడం ఆపి, “ఇంకా లేదు పిన్నిగారూ” అనేవాడు. ఆ ‘ఇంకా’ అన్న మాటలో అతని ప్రాణమంతా ఉండేది.

ఇంతలో పాత అప్పు వచ్చి తలుపు తట్టింది. ఆవిడ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఎంబ్రాయిడరీ మిషనొకటి తన పేర వాయిదాల మీద కొంది. మంచాన పడ్డాక వాయిదాలు ఆగాయి. కంపెనీవాళ్ళు మిషన్ని పట్టుకుపోయారు. బాకీ మాత్రం వడ్డీతో పెరుగుతూ కాగితం మీద మిగిలిపోయింది. మిషనాయన ఇల్లు మారిన సంగతి కంపెనీకి చెప్పలేదు, ఆవిడ పోయిన సంగతీ చెప్పలేదు. వాళ్ళు దావా వేశారు, పాత ఇంటికి తాళం ఉందని కాగితం తిరిగొస్తే ఎక్కడో ఆరా తీసి కొత్త చిరునామా పట్టుకున్నారు.

కోర్టు కాగితాలు అందజేసే అమీను వచ్చిన పూట మిషనాయన పని మీద తిరుగుతున్నాడు. అరుగు మీద ఇల్లుగలావిడ ఉంది.

“ఈవిడ ఇక్కడే ఉంటుందా అమ్మా?”

“ఇక్కడే. ఊళ్ళో లేదు, నేడో రేపో వచ్చేస్తుంది” అని నిండు మనసుతో చెప్పింది ఇల్లుగలావిడ.

అమీను కాగితాన్ని మేడ మీద తలుపుకి అతికించి వెళ్ళిపోయాడు. ఇల్లుగలావిడ పైకెళ్ళి చదివింది. మొగుడికి తెలియకుండా చేసిన అప్పు కాబోలు అనుకుంది. ఆడదాని గుట్టు బయటపెట్టడం ఎందుకని, తడిగుడ్డతో అద్ది కాగితం జాగ్రత్తగా ఊడదీసి తన బీరువా అరలో దాచింది, ఆవిడ రాగానే చేతికే ఇద్దామని. తర్వాత వచ్చిన ఇంకో కాగితాన్నీ అలాగే దాచింది. మనసు మంచిదే, పని మాత్రం కొంప ముంచేదే.

అలా ఆ పుట్టింటి ఆవిడ మీద ఏకపక్షంగా తీర్పు అయిపోయింది. సామాను జప్తుకి హుకుం తీసుకుని అమీను మళ్ళీ వచ్చేసరికి మిషనాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. అమీను గది నలుమూలలా చూసి, తొక్కుడు మిషను దగ్గర ఆగాడు.

“ఇది ఆవిడదేనా?”

“ఆవిడదే” అన్నాడు మిషనాయన. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“వచ్చే వాయిదాలోగా ఆవిడ కోర్టులో కనబడి చెప్పుకోవాలి. లేకపోతే బండి తెస్తాను. కాగితం తీసుకోకుండా ఊళ్ళో లేనని చెప్పించడం ఎన్నాళ్ళు సాగుతుందయ్యా?”

అమీను దిగి వెళ్ళగానే ఇల్లుగలావిడ దాచిన కాగితాలు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కింది. “నా చేతులారా చేశాను నాయనా. ఆ పిల్ల పరువు పోతుందని...” అంటూ ఏడ్చింది. “నేనూ వస్తాను కోర్టుకి. కాగితం తనకి అందలేదు, తప్పు నాదేనని చెబుతాను. ముందు నువ్వు ఫోను చేసి దాన్ని పిలిపించు.”

మిషనాయన తలూపాడు. తలూపక ఏం చేస్తాడు?

లాయరు దగ్గరికీ ఇల్లుగలావిడ వెంట వచ్చింది, పక్క కుర్చీలోనే కూర్చుంది. లాయరు కాగితాలు తిరగేసి, “ఇందులో పెద్ద చిక్కేం లేదు. ఆవిడ ఒక్కసారి వచ్చి నిలబడితే చాలు, తీర్పు రద్దు చేయించి మళ్ళీ విచారణ అడగొచ్చు” అన్నాడు.

“రాలేని పరిస్థితి అయితే?” అని గొణిగాడు మిషనాయన.

“చచ్చిపోతే తప్ప రావాల్సిందే” అని నవ్వాడు లాయరు. “అప్పుడైతే అసలు గొడవే ఉండదు లెండి. పోయిన మనిషి మీద దావా చెల్లదు.”

“ఏం మాటలండీ అవి, అశుభం!” అని ఇల్లుగలావిడ లాయరు మీద విరుచుకుపడింది. మిషనాయన కాగితాలు పోగుచేసుకుని లేచాడు.

వాయిదా దాకా అతనికి నిద్ర పట్టలేదు, పని సాగలేదు. ఒక దర్జీ కొట్లో సూది వెనకముందులుగా బిగించి తిట్లు తిన్నాడు. ఒక్క మాట చెబితే మిషను దక్కుతుంది. ఆ మాట చెబితే మనిషి పోతుంది. ఈ మధ్యనే, పుట్టింట్లోనే పోయిందని చెబితే? అప్పుడు ఇల్లుగలావిడ దగ్గరైనా మాట దక్కుతుంది. కానీ కోర్టువాళ్ళు పోయినట్టు కాగితం అడుగుతారు, కాగితం మీద తేదీ ఉంటుంది. పైగా ఆవిడని ఇంకోచోట, ఇంకో మంచం మీద, తను పక్కన లేకుండా చంపడానికి అతనికి మనసొప్పలేదు. ఉత్తుత్తిగా కూడా ఒప్పలేదు.

వాయిదా రోజున కోర్టు వరండా కిటకిటలాడుతోంది. ఇల్లుగలావిడ పెట్టెలోంచి తీసిన మంచి బట్టలు కట్టుకొచ్చింది. చూపు గేటు మీదే ఉంది. “బస్సు ఆలస్యమైందేమో. ఎలా ఉంటుందో చెప్పు, నేను గుర్తుపడతాను” అంది. మిషనాయన చామనఛాయ అన్నాడు, సన్నగా ఉంటుందన్నాడు.

కోర్టు బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆవిడ పేరు పిలిచాడు. ఇంటిపేరుతో సహా, వరండా చివరి దాకా వినబడేలా పిలిచాడు.

మిషనాయన తలెత్తాడు. ఆవిడ పోయాక ఆ పేరు ఇంకొకరి నోట వినలేదు. కొత్త వీధిలో ఎప్పుడూ ‘మా ఆవిడ’ అన్నాడే గానీ పేరు చెప్పనే లేదు.

బంట్రోతు రెండోసారి పిలిచాడు. ఇల్లుగలావిడతో పాటు మిషనాయన కూడా గేటు వైపు చూశాడు. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చూశాడు. వస్తుందేమోనని అతని ప్రాణం నిజంగానే గేటు దాకా వెళ్ళింది. ఎవరో సంచి పట్టుకుని లోపలికి వస్తున్నారు. ఆవిడ కాదు.

మూడోసారి పిలిచేసరికి అతని కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి.

“మీరెవరు?” అన్నారు జడ్జిగారు.

“భర్తనండి.”

“ఆవిడ రాలేదా?”

“రాదండి.”

“ఎందుకు రారు? ఇంత జరిగాక కూడా కోర్టంటే లెక్క లేదా?”

“లెక్క లేక కాదండి. చనిపోయిందండి” అన్నాడు మిషనాయన. ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదలు. వెనక ఇల్లుగలావిడ కెవ్వుమనబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

జేబులోంచి మడత పెట్టిన మరణ ధ్రువపత్రం తీసిచ్చాడు. జడ్జిగారు తేదీ చూశారు, దావా వేసిన తేదీ చూశారు, అవతలి లాయరుని చూశారు. ఆవిడ పోయాక వేసిన దావా అది. తీర్పు రద్దు, జప్తు రద్దు. ఎంతోసేపు పట్టలేదు.

వరండాలో ఇల్లుగలావిడ అతని చొక్కా పట్టుకుంది. “నిన్న కూడా మాట్లాడిందన్నావు కదరా! నన్ను అడిగిందన్నావు!” కోపంతో మొదలుపెట్టి భోరుమంది. ఎన్నడూ చూడని మనిషి కోసం, కన్నకూతురు పోయినట్టు బల్ల మీద కూలబడి ఏడ్చింది. అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకాయన ముఖం వేలాడేసి ‘అయ్యో పాపం’ అన్నాడు.

మిషనాయన ఆవిడ పక్కన కూర్చోలేదు. గుమ్మం దగ్గర బంట్రోతు చేతిలోని జాబితాలో ఒక పేరు మీద అడ్డంగా గీత కొడుతున్నాడు. మిషనాయన అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు.

“మళ్ళీ వాయిదా ఎప్పుడండీ?”

“వాయిదా ఏమిటి? నీ కేసు అయిపోయిందిగా. బాగానే అయింది, వెళ్ళు.”

“అయితే ఇంక ఆ పేరు పిలవరా?”

“పోయినవాళ్ళనెందుకు పిలుస్తామయ్యా?” అని బంట్రోతు అతన్ని పక్కకి జరిపి, గొంతు సవరించుకుని, ఇంకెవరినో పిలిచాడు.