కొత్తదొచ్చేదాకా

లక్ష్మీప్రసాద్ మాస్టారికి చలి ఎక్కువ. అనంతగిరి కొండ మీది ఆశ్రమ పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పాల్సిన ఈ మైదానపు మనిషి, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, ల్యాబ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎవరూ లోపలికి పోకుండా కాళ్లు అడ్డంగా చాపుకుంటాడు. లోపల మంచుకు చెమ్మెక్కుతాయని కంప్యూటర్లన్నిటికీ హాస్టల్ దుప్పట్లు కప్పించాడు. తాళంచెవి వేలి చుట్టూ తిప్పుతూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రోజూ వాదిస్తాడు. "వేయించేద్దాం సార్" అని లెక్కల టీచరు నిర్మల అంటే, "ఈ డొక్కు పెట్టెలు దాన్ని మొయ్యగలవా మేడమ్? ఉన్నదీ పోద్ది" అని కసురుతాడు. "అయితే పాతదాని మీదే పాఠం చెప్పండి" అంటే, "రేపోమాపో మూలపడేదాన్ని నేర్పి పిల్లల బుర్రలు పాడుసెయ్యమంటారేటి?" అని ఇంకా గట్టిగా కసురుతాడు. ఎటు నుంచి వాదించినా ఆయనే గెలుస్తాడు. గెలిచిన ప్రతిసారీ టీ తెప్పించుకుంటాడు.

మొన్న అలా టీ ఊదుకుంటుంటే తొమ్మిదో తరగతి కిల్లో గీత వచ్చి ఎదురుగా నిలబడింది. "సార్, కొత్తదొచ్చేదాకా పాతది సూపించండి." "ఏటే గుంటా, నీకూ వాదనేనా? పో!" గీత పోలేదు. చాచిన ఆ కాళ్లను దాటుకుని లోపలికెళ్లి, మొదటి కంప్యూటర్ మీది దుప్పటి లాగేసింది. నిరుడు దసరా పూజకు మాస్టారు స్విచ్ మీద పెట్టిన కుంకుమ బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. "ముట్టుకోకే! పాడైపోద్ది!" అని అరుస్తూ ఆయన కుర్చీలోంచి లేచేసరికే గీత వేలికి కుంకుమ అంటింది.