తలూపిన మనిషి

నేను క్లినికల్ సైకాలజిస్టును. మిల్లుల్లో భద్రత గురించి, వేర్వేరు ప్రాంతాలవాళ్లు కలిసి పనిచేయడం గురించి క్లాసులు చెబుతాను. పోయినేడాది నర్సంపేట దగ్గరి పత్తి మిల్లులో, యంత్రం ఆపకుండా ఇరుక్కున్న పత్తిని తీయవద్దని తెలుగులో చెప్పాను. బీహార్ నుంచి వచ్చిన ఒక కార్మికుడు ప్రతి మాటకూ తలూపాడు. వారం తిరక్కుండానే అలా పత్తి తీస్తూ చనిపోయాడు.

మేనేజరు హాజరు కాగితాన్ని అతని అన్న ముందు పెట్టాడు. "మేడం చెప్పింది, మీవోడు సంతకం పెట్టిండు. తప్పు వానిదే. పరిహారం ఎట్లొస్తది?"

చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న అన్న నావైపు తిరిగాడు. "వానికి తెలుగు రాదు మేడం. పెద్దోళ్లు మాట్లాడితే తలూపాలెనని నేనే చెప్పిన. వానికి సమజైందా, మీరే చెప్పుండ్రి."

"క్లాసయితే జరిగింది" అన్నాను.

అతను మళ్లీ అడగలేదు. తమ్ముడి శవంతో ఊరికి వెళ్లిపోయాడు. పరిహారం రాలేదు.

తమ్ముడికి అర్థం కాలేదని ఆ క్లాసులోనే నాకు తెలుసు.