తొలిపువ్వు పెడితే సారా రాణినయ్యాను

మా అడవి పల్లెలో కొత్త ఇప్పపువ్వును అమ్మవారికి పెట్టనిదే ఎవరమూ నోట వేసుకోం. పోయిన వేసవిలో పువ్వుల గంపతో గుడి ముందు నిలబడితే, యూట్యూబ్ ఛానెల్ అతనొకడు నన్ను వీడియో తీసుకుని, తన నంబరిచ్చాడు. సంతోషించి ప్రసాదం కూడా పెట్టాను.

తరువాత మా మహిళా సంఘం చేసిన ఇప్పపువ్వు లడ్డూలు తీసుకుని పాల్వంచలో ఒక హాస్టల్‌కు వెళ్ళాను. వార్డెనమ్మ మా ఊరి పేరు ఫోన్‌లో వెతికింది. మొదట వచ్చింది నా ముఖమే. దాని కింద మాటను, మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను: నాటుసారా రాణి. ఇప్పపువ్వుతో సారా కూడా కాస్తారు కదా, గంప చూసి ఆ పేరు పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది? పిల్లలకు గివి పెట్టమంటవా?" అని పిల్లలందరి ముందే డబ్బాలు వెనక్కి నెట్టింది.

ఒళ్ళు మండిపోయి అక్కడి నుంచే ఛానెల్ అతనికి ఫోన్ చేశాను.

"గట్ల పెడితేనే చూస్తరక్కా. కావాలంటే మళ్ళ పూజ చెయ్యుండ్రి, మంచిగ తీస్త" అని నవ్వాడు.

"తొలిపువ్వు ఏడాదికి ఒక్కసారే పెడతం. నీ ఫోన్ కోసం అమ్మవారితోని ఆటలాడాల్నా? జల్దీ ఆ వీడియో తీసెయ్!" అని అరిచాను.

తీసేశాడు. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని తమ ఛానెళ్ళలో పెట్టుకున్నారు. ఊరి పేరు కొడితే ఇప్పటికీ నేనే వస్తాను. ఆ హాస్టల్ మా లడ్డూలు మళ్ళీ అడగలేదు.

తిన్న ప్రతి ముద్దకూ అమ్మవారికి దండం పెట్టుకునే మనిషిని. ఆ రోజు అతని మీద అరిచేంత కోపమిచ్చినందుకు కూడా పెట్టుకున్నాను.