నర్మద కారు చప్పుడు తగ్గిన రోజు

నర్మద మామూలుగా మాట్లాడినా పక్క గల్లీ వాళ్లు ఏమైందోనని తలుపు తీసి చూసేవాళ్లు. ఆమె పుట్టింది సిరిసిల్లలో. ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దున్నుంచి రాత్రి దాకా మరమగ్గాలు ఆడేవి. ఆ మోతలో అవ్వను అన్నం పెట్టమనాలన్నా, బాపుకు చాయ్ చల్లారిపోతోందని చెప్పాలన్నా గొంతు ఎత్తాల్సిందే. అలా ఎత్తిన గొంతు మళ్లీ దిగలేదు. చెవులు కూడా అంతే. నలుగురికి మోత అనిపించేది ఆమెకు చప్పుడే కాదు.

పెళ్లయ్యాక ఆమె ఉట్నూరు వెళ్లింది. భర్త దేవదాస్ కూడా నేత కుటుంబం వాడే కానీ మగ్గం వదిలి జీపు పట్టుకున్నాడు. ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి సంతకు, చుట్టుపక్కల గూడాలకు జనాన్ని తిప్పేవాడు. నర్మద అతని పక్కన కూర్చుని ఊళ్లు చూసేది కాదు, అతని కాళ్లు చూసేది. ఏ కాలితో ఎప్పుడు నొక్కుతున్నాడు, ఎప్పుడు వదులుతున్నాడు అని.

"నేర్సుకుంటవా ఏంది?" అని ఒకరోజు అతను నవ్వుతూ అడిగాడు.

"నేర్పు మరి. నవ్వుతవెందుకు?" అంది నర్మద.

జొన్న కోసిన చేలల్లో నేర్పించాడు. సరదాకే అనుకున్నారు ఇద్దరూ. కానీ ఆ వానాకాలమే అది పనికొచ్చింది. సంత నుంచి తిరిగి వస్తుండగా జీపు బురదలో దిగబడింది. చక్రం కింద రాయి పెడదామని దేవదాస్ చేయి పెడితే, ఆ రాయి కిందున్న తేలు కుట్టింది. చూస్తుండగానే చేయి వాచింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. జీపు నిండా జనం. బండి నడపడం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

నర్మద చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. వెనకనుంచి గంగుబాయి అనే ముసలామె, "ఓ పోరీ, నీకు బండి వస్తదా?" అని భయంగా అడిగింది.

"వస్తది. గట్టిగ పట్టుకో బాయీ!"

ఆ కేక విని జీపులో వాళ్లందరూ కడ్డీలు పట్టుకున్నారు. మగవాళ్లు దిగి వెనకనుంచి నెట్టారు. బండి ఒక్క ఊపున బురదలోంచి లేచింది. దారిలో వాగు నీళ్లు చక్రాల సగం దాకా వచ్చినా ఆమె కాలు వదల్లేదు. ఉట్నూరు ఆసుపత్రి గేటు ముందు గానీ బ్రేకు వేయలేదు. దేవదాస్ బతికాడు. మర్నాటి నుంచి ఆమె పేరు జీపు నర్మద.

జీపు పాతబడి అమ్మేశాక వాళ్లు కరీంనగర్ వచ్చారు. దేవదాస్ ఒక బడి బస్సుకు డ్రైవరుగా కుదిరాడు. టీచర్లు, బ్యాంకుల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు కారు నేర్చుకోవాలని ఉన్నా, నేర్పే మగవాళ్ల పక్కన కూర్చోవడానికి ఇబ్బంది పడుతున్నారని నర్మద చెవిన పడింది. ఇంకేం కావాలి! లైసెన్సు తీసుకుంది, కావాల్సిన అనుమతులు తెచ్చుకుంది, ఇంటి ముందు బోర్డు పెట్టింది. మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరు తన చిన్న తెల్ల కారు అమ్ముతుంటే కొన్నది. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టించింది. ఇది తొంభై ఎనిమిది మాట.

ఆఫీసరు కారు తాళాలిస్తూ ఒక మాట చెప్పాడు. బండి కింద సైలెన్సర్‌కు ముందు కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుందనీ, పొగలోని విషం అది పట్టేస్తుందనీ, దానికి సీసం లేని పెట్రోలే పోయాలనీ. అప్పట్లో కరీంనగర్‌లో ఆ పెట్రోలు దొరికేది కాదు. ఉన్న పెట్రోలే పోశారు. కొన్ని నెలలు కారు బాగానే నడిచింది. ఆ తర్వాత ఎత్తు ఎక్కలేకపోయింది. మానేరు డ్యాం కట్ట ఎక్కుతూ సగంలో ఆగిపోయి, ఒక విద్యార్థిని ఏడ్చినంత పని చేసింది.

మెకానిక్ సిద్దిరాములు దేవదాస్‌కు దోస్తు. కారు కింద దూరి, ఆ డబ్బా విప్పి, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"వదినా, ఇగో చూడు. లోపల తేనెపట్టు తీరు జాలి ఉంటది. గది మొత్తం మూసుకపోయింది. పొగ బయటికి పోయే తొవ్వ లేదు. ఇంజను ఊపిరి ఎట్ల తీస్తది?"

"మరేం జేద్దాం?"

"ఏమున్నది? జాలి పొడిచి తీసేస్త. ఫికర్ జెయ్యకు."

గునపంతో పొడిచి లోపలున్నదంతా రాల్చేశాడు. ఖాళీ డబ్బా మళ్లీ బిగించాడు. కారు డ్యాం కట్ట మీదికి దూసుకుపోయింది. నర్మద పొంగిపోయింది. కారు వస్తోందంటే మూడు గల్లీల అవతలికి వినిపిస్తోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదేమో.

వారం తిరక్కుండా ఇద్దరు రావడం మానేశారు. దేవకి అనే టీచరమ్మ కూడా రాలేదు. మిగిలింది సరళాదేవి అనే పెద్దావిడ ఒక్కతే. చెన్నూరు దగ్గర వాళ్లకు భూములున్నాయి. డ్రైవరు కోసం ఎదురుచూడకుండా తనంతట తాను వెళ్లి పత్తి చేను చూసుకోవాలని ఆమె పట్టుదల. ఆమెది ఎంత మెల్లని గొంతంటే, ఆమె మాట్లాడితే ఎదుటివాళ్లు కాస్త ముందుకు వంగాల్సిందే. ఆ రోజు ఆమె కారు పక్కకు ఆపి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

"నర్మదా, ఏమనుకోకు. నువ్వు నాకు నేర్పుతున్నవా, తిడుతున్నవా సమజైతలేదు. క్లచ్ అని నువ్వు అనంగనే నా గుండె దడదడ కొట్టుకుంటది. దేవకి ఎందుకు వస్తలేదో తెల్సా? బడిల పిల్లల మీద నేను గూడ గట్ల ఒర్రను అన్నది."

నర్మద ఆమె వైపు తిరిగింది. "నేను ఒర్రుతున్ననా సరళమ్మా? మీకు వినవడాలె గదా అని గట్టిగ చెప్తున్న."

"కారు ఒర్రుతుంది. దాని మీదికెల్లి నువ్వు ఒర్రుతున్నవు. నడుమ నేను పరేషాన్ అయితున్న."

నర్మదకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇంతకాలం ఆ ఆడవాళ్లందరూ తను తిడుతున్నానని అనుకుంటూ నేర్చుకున్నారా! నేరుగా సిద్దిరాములు షెడ్డుకు వెళ్లింది.

"సిద్దిరాములూ, గీ ఖాళీ డబ్బా తీసెయ్. కొత్తది పెట్టాలె. కారు నోరు మూయాలె."

అప్పటికి ఊళ్లో ఒక బంకులో సీసం లేని పెట్రోలు దొరకడం మొదలైంది. కాబట్టి కొత్త కన్వర్టర్ పెడితే మళ్లీ మూసుకుపోతుందనే భయం లేదు. కానీ కారు కంపెనీ డబ్బానే కావాలంటే నెలలు పట్టేలా ఉంది. నేర్చుకునేవాళ్ల లైసెన్సు పరీక్ష దగ్గర పడుతోంది. స్పేరు పార్టుల దుకాణం సేఠు వేరే వాళ్లు చేసిన డబ్బాలు రెండు హైదరాబాద్ నుంచి తెప్పించాడు. బిగించి చూసుకుని, నచ్చింది ఉంచుకోమన్నాడు.

ఒకటి అద్దంలా మెరుస్తోంది. తేలిగ్గా, పొట్టిగా ఉంది, గొట్టాలు లావుగా ఉన్నాయి. రెండోది నల్లగా, పొడవుగా, బరువుగా ఉంది, మీద ఇంకో రేకు తొడుగు.

సిద్దిరాములు మెరిసేదాన్ని ఎత్తుకున్నాడు. "గొట్టం లావున్నది వదినా, పొగ జల్ది పోతది. పికప్ జబర్దస్త్ ఉంటది!"

బిగించారు. షెడ్డులో నిలబెట్టి స్టార్టు చేస్తే చప్పుడు బాగా తగ్గింది. దేవదాస్ చప్పట్లు కొట్టాడు. అయితే నర్మద ఈసారి తన చెవుల్ని నమ్మలేదు. సరళాదేవిని పిలిపించింది.

"సరళమ్మా, నేను నడుపుత. మీరు పక్కన కూసోని ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడుండ్రి. నాకు మాట మాట వినవడాలె. అప్పుడే ఇది పనికొచ్చినట్టు."

డ్యాం కట్ట మీదికి వెళ్లారు. నెమ్మదిగా నడిపినంతసేపూ సరళాదేవి మాట వినిపించింది. మూడో గేరులో వేగం పెంచగానే కింద నుంచి బోం అని ఒక మోత లేచింది. దానికి తోడు పలుచని రేకు టపటపా అదరడం. సరళాదేవి పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు.

"ఏమన్నరూ?" నర్మద అరిచింది.

"పత్తి ధర!" అని సరళాదేవి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అరిచింది. తన అరుపుకు తనే బిత్తరపోయి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. నర్మద కూడా నవ్వుతూనే కారు వెనక్కి తిప్పింది.

"గొట్టం లావుంటే చప్పుడు గూడ లావే ఉంటదిరా బై," అన్నాడు దేవదాస్. సిద్దిరాములు తల గోక్కుని, పాత గొట్టం కొలతా రెండు కొత్త డబ్బాల కొలతా తీసి చూశాడు. నల్లదాని గొట్టం పాతదానికి సరిగ్గా సమానం. లోపలి జాలి కూడా మెరిసేదాని కన్నా సన్నం, నిండుగా ఉంది. దాన్ని బిగించారు.

నర్మద తాళం తిప్పింది.

ఫట్, ఫట్, ఫట్.

ఆమె మొహం వాడిపోయింది. బరువైనది, మంచిదనుకున్నది కూడా ఇంతేనా! సిద్దిరాములు మాత్రం ఆగమాగం పడలేదు. "ఆగు వదినా, ఇది డబ్బా చప్పుడు గాదు," అని తడిబట్ట చుట్టి కారు వెనక గొట్టానికి అడ్డం పెట్టాడు. "అన్నా, కిందికి వంగి విను."

దేవదాస్ నేలకు చెవి ఆనించినంత పని చేశాడు. "స్స్ అంటుంది! అతుకు కాడ! పొగ గూడ కొడుతుంది!"

"పాత గాస్కెట్టే మళ్ల ఏసిన. తప్పు నాదే."

అతుకు మధ్య పెట్టే ఆ బిళ్ల అరిగి, సందులోంచి పొగ తన్నుకొస్తోంది. ఇంజను చల్లారేదాకా ఆగి కొత్త బిళ్ల వేశాడు. బోల్టులు ఒక్కొక్కటీ సమంగా బిగించాడు. డబ్బాను పట్టి ఉంచే రబ్బర్లు కూడా మార్చాడు. నర్మద మళ్లీ తాళం తిప్పింది.

ఏమీ వినిపించలేదు. స్టార్టు కాలేదనుకుని మళ్లీ తిప్పబోతుంటే సిద్దిరాములు రెండు చేతులూ ఊపాడు. "నడుస్తుంది వదినా! ఇంజను నడుస్తుంది!"

కారు డ్యాం కట్ట మీదికి ఎక్కింది. ఒకటో గేరు, రెండో గేరు, మూడు, నాలుగు. పక్కన నీళ్లు ఎండలో తళతళలాడుతున్నాయి. సరళాదేవి ఆమె వైపు తిరగకుండా, రోడ్డునే చూస్తూ, ఇంట్లో మాట్లాడినట్టే అంది: "నర్మదా, ఈసారి పత్తి మంచిగ వచ్చింది. మొదటి ఏరుడుకు నేనే కారు నడుపుకుంట పోవాలె."

"విన్న! విన్న! మొత్తం విన్న సరళమ్మా!"

"మరి ఇప్పుడు గూడ ఒర్రుతున్నవు."

నర్మద నోటి మీద చేయి పెట్టుకుంది. మలుపు దగ్గర ఇండికేటర్ వేస్తే టిక్కు టిక్కుమని చప్పుడు. అదేమిటని అటూ ఇటూ చూసింది. ఆ కారు కొన్నప్పటి నుంచీ ఆ చప్పుడు ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

ఆ సాయంత్రమే దేవకి ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, వీలైనంత మెల్లగా "రేపు రాండ్రి టీచరమ్మా," అంది. దేవకి ముందు గుర్తుపట్టలేదు. మర్నాడు వచ్చి కారెక్కింది. మానేసిన మిగతా ఇద్దరూ ఆమె వెనకే వచ్చారు. నర్మదకు గొంతు దించడం కారు చప్పుడు దించడం కన్నా కష్టమైంది. మరిచిపోయి ఎత్తినప్పుడల్లా పక్కవాళ్లు వేలు పెదవుల మీద పెట్టుకునేవాళ్లు.

పరీక్ష రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దేవకి పక్కన కూర్చుని "ఎడమకు తిప్పండి" అంటే ఆమె తిప్పింది. "వెనక్కి తీసుకోండి" అంటే తీసుకుంది. నర్మద దూరంగా చెట్టు కింద నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని చూసింది. నలుగురూ పాసయ్యారు. నలుగురూ ఒకేసారి ఆమె మీద పడితే ఆమె కళ్లజోడు ఎగిరి ఎక్కడో పడింది.

పత్తి ఏరే రోజుల్లో సరళాదేవి ఆ కారులోనే చెన్నూరు వెళ్లింది, తన కారు ఇంకా రాలేదని. నర్మద వెనక సీట్లో కూర్చుంది. పెద్దపల్లి దాటారు, బొగ్గు లారీల వరసలు దాటారు, గోదావరి వంతెన దాటారు. నర్మద పెదవి విప్పలేదు. విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

చేను గట్టున కారు ఆగగానే పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఒడులు నిండుగా ఉండగానే చుట్టూ మూగారు. చంద్రవ్వ అనే ఆమె కారు ముందు అద్దంలోంచి లోపలికి వంగి చూసింది. మగ డ్రైవరు ఎక్కడా కనిపించలేదు.

"అమ్మా, నువ్వే నడుపుకుంట వచ్చినవా? కరీంనగర్ కెల్లి?"

"నేనే చంద్రవ్వా," అంది సరళాదేవి. ఆ మాట చేను అవతలి గట్టు దాకా వినిపించింది.